వాన చాటు వాన

తెర మీద వాన ఆకుపచ్చగా మొదలవుతుంది, జోరందుకుంటే పసుపుకు తిరుగుతుంది, ఇంకా పెరిగితే ఎర్రబడుతుంది, ఒళ్ళు తెలియకుండా కురిసిందంటే ఊదారంగులోకి దిగుతుంది, ఇక ఏ రంగూ లేనిచోట వాన లేదని లెక్క. అలా అని ఎవరన్నారు? ఎవరూ అనలేదు, బొమ్మ పక్కనున్న రంగుల పట్టీ అంది, దాన్ని నమ్ముకునే కదా ఇన్నేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్నది, అనుకుంది ఆమె, అరచేతిలో గడ్డం ఆనించుకుని. భోజనాలయ్యాక వచ్చే మగత గదినిండా పరుచుకుని ఉంది. కిటికీ అద్దాల మీద వాన బాదుతోంది. వీధి అవతలి మేడలు కనిపించడం మానేశాయి. పట్టపగలే లైట్లు వేశారు, ఆ వెలుగులో ఖాళీ కుర్చీలు కూడా ఏదో ఆలోచనలో పడ్డట్టున్నాయి. పైన డాబా మీద, తెల్లటి డోము లోపల రాడారు పళ్ళెం తిరుగుతోంది. పెద్ద గొడుగంత ఉంటుందంతే. దాని తిరుగుడు చెవికి అందదు గానీ అరికాళ్ళలో సన్నగా తెలుస్తుంది, ఒళ్ళో పిల్లి పడుకుని గురగురలాడినట్టు. చుట్టు తిరిగినప్పుడల్లా తెర మీద బొమ్మ మారుతుంది. ఊరి మీద, అంటే ఆమె నెత్తిమీదే, ఎరుపూ ఊదా కలగలిసిన పెద్ద ముద్ద. దాని వెనక, పడమటి వైపు, లేత ఆకుపచ్చ. ఆ వెనక ఏమీ లేదు. కొండల మీద, వాగు పుట్టేచోట, ఏమీ లేదు. కడిగిన పలకలా శుభ్రంగా ఉంది.

ఆ శుభ్రమే ఆమెకు మింగుడు పడటం లేదు. భోజనానికి లేవబోయే ముందు ఆ కొండల మీద పసుపు చూసింది. పసుపు అంచున ఎరుపు చూసింది. అన్నం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టి, ఇంకో చుట్టు చూసి పోదామని కూర్చుంది. ఈలోపు ఊరి మీదికి ఈ వాన వచ్చి పడింది. అది రాగానే కొండల మీది పసుపు లేతబడింది, ఆకుపచ్చయింది, మాయమైంది. అంత తొందరగా ఏ వానైనా సర్దుకుని ఇంటికి పోతుందా? వానకు కొండలంటే ఇష్టం, ఒకసారి పట్టుకుంటే ఓ పట్టాన వదలదు, ఆమెకు తెలుసు. ఆఫీసులో ఆమెను రాడారమ్మ అంటారు, చాటుగా అనుకుంటున్నామని వాళ్ళ భ్రమ. ఎక్కడో దూరాన పెద్ద రాడారు ఒకటుంది, దాని పళ్ళెం మీద కూర్చుని నలుగురు భోంచేయొచ్చు, దాని చూపు ఎన్నో ఊళ్ళు దాటిపోతుంది. కానీ భూమి గుండ్రన కదా, ఆ చూపు ఇక్కడికి వచ్చేసరికి మబ్బుల నడినెత్తి మీదనుంచి వెళ్ళిపోతుంది. మబ్బు కింద, మనుషుల తలల మీద ఏం జరుగుతుందో దానికి పట్టదు. అందుకే ఈ బుల్లి రాడార్లు తెచ్చి డాబాల మీద పెట్టారు. ఇవి దగ్గరగా చూస్తాయి, కిందికి చూస్తాయి, ఏ వీధిలో ఎంత కురిసిందో చెప్తాయి, వాగులోకి ఎన్ని నీళ్ళు దిగుతాయో ముందే లెక్కగడతాయి. ఒక్కటే బలహీనత. ఇవి విసిరే తరంగం పొట్టిది, జోరువానలో పడి పోతుంటే దారిలోనే దాని ఓపిక కరిగిపోతుంది. ముందున్న వాన దాన్నంతా తాగేస్తే, వెనకున్న వానను చూడటానికి ఇంకేం మిగులుతుంది? మిగలదు. అప్పుడు అది చూడలేకపోయానని అనదు పాపం, సిగ్గో ఏమో, ఏమీ లేదని తిరిగొస్తుంది.

వాన లేకపోవడం ఒకటి, కనపడకపోవడం ఒకటి. తెరకు రెండూ ఒకే రంగు. కొండమీద వాన కొలిచే పాత్ర ఒకటుంది, అది కూడా సున్నా అంటోంది. దాని సంగతి అందరికీ తెలిసిందే, గాలివానకు చెట్ల ఆకులు వచ్చి గరాటాలో పడితే చుక్క లోపలికి దిగదు, అది తడిసి ముద్దవుతూ కూడా సున్నా అనే అంటుంది. రెండు సున్నాలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటున్నాయి. కిటికీ మీద నీళ్ళు పాయలుగా జారుతున్నాయి. ఒక పాయ ఇంకో పాయను కలిసేదాకా చూసి, కలిశాక ఎందుకు చూశానా అనుకుంది. నిద్ర కాదు ఇది. నిద్రకూ మెలకువకూ మధ్య ఒక వరండా ఉంటుంది, అక్కడ నిలబడ్డట్టుంది.

ఈపాటికి అక్క దగ్గర పిల్లలు పడుకుని ఉంటారు. అక్క పసిపిల్లల డే కేర్ నడుపుతుంది, వాగు ఒడ్డునే, రోడ్డుకంటే రెండు మెట్లు కిందికి ఉన్న పొడుగాటి హాల్లో. పొద్దున్నే తల్లులూ తండ్రులూ పిల్లల్ని అప్పజెప్పి పనులకు పరుగెడతారు, సాయంత్రం వచ్చి తీసుకుపోతారు. మధ్యాహ్నం వేళ కర్టెన్లు దించేసి అందరినీ వరసగా పరుపుల మీద పడుకోబెడుతుంది. వాన చప్పుడు ఉందంటే ఇక చెప్పక్కర్లేదు, ఒళ్ళు మర్చిపోయి పడుకుంటారు. ఒకడు బొటనవేలు నోట్లో పెట్టుకుని, ఒకతి పక్కవాడి చొక్కా అంచు పట్టుకుని. చొక్కా గుంజుకుంటే నిద్రలోనే ఏడుస్తుంది. అక్క మధ్యలో గోడకు ఆనుకుని కూర్చుంటుంది, కాళ్ళు చాపుకుని, ఏ పిల్ల దొర్లినా చేయి అందేలా. వెనక గోడకు కిటికీ, కిటికీ అవతల వాగు. మామూలు రోజుల్లో ఆ వాగు మడమ తడవనంత ఉంటుంది. కొండల మీద కురిసిన వాన ఆ కిటికీ కిందికి రావడానికి ఎంతోసేపు పట్టదు. ఆ సంగతి తెలిసినవాళ్ళలో ఆమె ఒకతి, ఆ సంగతి కనిపెట్టుకుని ఉండటమే ఆమె ఉద్యోగం, ఆ గదిలో ఉన్నది ఆమె అక్క.

కిందటి నెలలో ఇలాగే మబ్బు పట్టింది. ఆమె భయపడింది, కంట్రోల్ రూముకు చెప్పింది, సైరన్ మోగింది. అక్క, ఆమె దగ్గర పనిచేసే ఆయా, వీధిలో వాళ్ళు కలిసి నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని పక్క మేడ పైఅంతస్తుకు చేర్చారు. వాగులో నీళ్ళు మోకాలిదాకా వచ్చి, నవ్విపోయి, వెళ్ళిపోయాయి. తల్లిదండ్రులు పనులు మానుకుని పరుగెత్తుకొచ్చారు, వచ్చి పొడి నేల చూసి నానా మాటలూ అన్నారు. కంట్రోల్ రూము పెద్దాయన ఆ మాటలన్నీ నిలబడి విన్నాడు. అక్క ఆ రాత్రి ఫోన్ చేసి నవ్వింది. "నీ రాడారుకు నా నడుంమీద కోపమేంటే, పిట్టా? ఒక్కొక్కడూ ఇసక బస్తాలా ఉన్నాడు." చిన్నప్పటి పేరు అది. ఇంత వయసు వచ్చాక కూడా పిట్ట అని పిలిచే మనిషి లోకంలో ఒక్కరే మిగిలారు.

ఫోన్ ఎత్తింది. కంట్రోల్ రూములో పెద్దాయన గొంతు జలుబు చేసినట్టుంది, ఆయనకు వర్షాకాలమంతా జలుబే.

"చెప్పమ్మా."

"సార్, కొండల మీద నాకు అనుమానంగా ఉంది."

"నేనూ అదే తెర చూస్తున్నాను కదమ్మా. కొండల మీద ఏముంది?"

"ఏమీ లేదు సార్."

"మరి?"

"అదే సార్ నా అనుమానం."

అవతల ఆయన ముక్కు చీదుకున్నాడు. తనకూ తెలుసన్నాడు, జోరువాన వెనక రాడారు చూపు మందగిస్తుందని, కానీ మందగించినప్పుడల్లా అక్కడ వరదే ఉందని సైరన్ వేస్తే జనం చెవుల్లో దూది పెట్టుకుంటారన్నాడు. నిజంగా వచ్చిననాడు ఒక్కరూ కదలరు. ఆ మాట అబద్ధం కాదు. "పావుగంట చూద్దామమ్మా. ఊరి మీది వాన పక్కకు జరిగితే మీ కొండలు మీకే కనపడతాయి." ఆయన మంచివాడే. మంచివాడు కనుకే పావుగంట అడిగాడు, చెడ్డవాడైతే ఫోనే పెట్టేసేవాడు. ఆ పావుగంటలో నీళ్ళు ఎంత దూరం నడుస్తాయో ఇద్దరికీ తెలుసు.

పళ్ళెం తిరిగింది. ఎరుపు, ఊదా, లేత ఆకుపచ్చ, ఏమీ లేదు. గది మగతగా ఉంది. డాబా మీద పంపుసెట్టు మోటారేదో మొదలైంది, దాని రొద సన్నగా గోడల్లోంచి దిగుతోంది. ఆ రొదతో పాటే వార్నిష్ వాసన వచ్చింది. రాలేదు, ఇక్కడ వార్నిష్ ఎందుకుంటుంది, నాన్న చనిపోయి ఏడాది దాటింది. అయినా వచ్చింది. ఇంటి ముందుగదే నాన్న దుకాణం. కాలిపోయిన మోటార్లు తెచ్చి పడేసేవాళ్ళు, నాన్న వాటి పొట్ట విప్పి, మాడిన తీగ పీకేసి, కొత్త రాగితీగ చుట్టేవాడు. చుట్టేటప్పుడు పెదాలు కదులుతుండేవి. చుట్లు లెక్కపెట్టుకోవాలి, ఒక్కటి తప్పినా మోటారు మళ్ళీ కాలుతుంది. చేయి చుడుతుంటుంది, పెదాలు లెక్కపెడుతుంటాయి, ఆ కాసేపు ఇంట్లో గాలి కూడా మునివేళ్ళ మీద నడవాలి. అమ్మకు ఆసుపత్రిలో ఆయా పని, సాయంత్రాలు ఉండేది కాదు. ఉన్నది అక్కా తనూ. తను చిన్నది, నోరు ఊరుకోదు. "నాన్నా, అమ్మ ఎప్పుడొస్తుంది?" పెదాలు ఆగిపోయేవి. చేయి ఆగిపోయేది. లెక్క పోయింది. నాన్న తల ఎత్తేవాడు, పూర్తిగా ఎత్తేలోపే ఎక్కడినుంచి వచ్చేదో అక్క వచ్చి మధ్యలో నిలబడేది. "అన్నది నేను నాన్నా." ఆ వెంటనే తనవైపు తిరక్కుండానే, "పిట్టా, పెరట్లోకెళ్ళి బకెట్ నిండిందేమో చూసిరా."

పరుగెత్తేది. ఎంత ఇష్టంగా పరుగెత్తేదో. పెరట్లో మందారం కింద బకెట్, బకెట్ మీద కుళాయి. తొంగి చూస్తే ఆకాశం కనిపించేది బకెట్ అడుగున. అక్కడే కాసేపు ఉండిపోయేది, చీమలు, గండుచీమలు, తడి మట్టి. తిరిగొచ్చేసరికి ఇంట్లో అంతా సద్దుమణిగి ఉండేది. నాన్న తల వంచుకుని కూర్చుని ఉండేవాడు, పని చేసి చేసి అలిసినట్టు. తనను చూసి నవ్వేవాడు, నెత్తిమీద చేయి వేసేవాడు, మిగిలిన రాగితీగ ముక్కను వేలికి చుట్టి ఉంగరం చేసి ఇచ్చేవాడు. ఆ చేయి ఎంత వెచ్చగా ఉండేదో. నాన్న అంటే అదే, అలిసిన చేయి, రాగి ఉంగరం. పెద్దయ్యాక ఎవరితో అన్నా అదే అనేది, మా నాన్న మెతక మనిషండీ, ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. నాన్న పోయిననాడు, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, అక్కతోనూ అంది. "ఎంత మెతక మనిషే అక్కా మన నాన్న." అక్క ఉతికిన దుప్పటి మడతపెడుతోంది. చేయి ఆగింది. కొంచెంసేపు అయ్యాక, "అవునే" అంది.

కొంచెంసేపు అయ్యాక.

ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఏదో గుర్తొచ్చింది, గుర్తొచ్చినది అక్క గురించో వాన గురించో తేల్చుకోలేకపోయింది. శిక్షణలో పాఠం చెప్పిన మేడమ్ గుర్తొచ్చింది, సన్నటి గొంతు, సుద్దముక్క దుమ్ము అంటిన మోచేయి. పెద్ద చినుకు గుండ్రంగా ఉండదమ్మాయిలూ అనేది, కిందనుంచి గాలి నెట్టేసరికి చొక్కా గుండీలా బల్లపరుపుగా అవుతుంది. మన రాడారు రెండు తరంగాలు విసురుతుంది, ఒకటి నిలబడి పోతుంది, ఒకటి పడుకుని పోతుంది. రెండూ కలిసే బయల్దేరతాయి. బల్లపరుపు చినుకుల్లోంచి పోయేటప్పుడు పడుకున్నది కొంచెం వెనకబడుతుంది. ఎంత గట్టివాన దాటితే అంత వెనకబడుతుంది. "కేక ఎంత గట్టిగా తిరిగొచ్చిందని చూడకండి. గొంతు దారిలో పోవచ్చు. ఎంత ఆలస్యమైందో చూడండి. గొంతు పోయినవాళ్ళు కూడా ఆలస్యాన్ని దాచలేరు." అందరూ రాసుకున్నారు, ఆమె కూడా రాసుకుంది, పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకుంది. ఇక్కడికొచ్చాక రంగుల బొమ్మకు అలవాటు పడింది. అందరూ రంగుల బొమ్మే అడుగుతారు, పెద్దాయన గోడమీద ఉన్నదీ అదే. ఆలస్యాల బొమ్మ అందంగా ఉండదు, ఆలస్యం పెరిగేకొద్దీ పైకెక్కే బూడిదరంగు గీతలు, దాన్ని ఎవరూ తెరవరు.

తెరిచింది. పడమటి వైపు గీత ఊరి వాన దాటేదాకా మెట్టుమెట్టుగా ఎక్కింది. అది సరే, అక్కడ వాన ఉందని కిటికీ కూడా చెప్తుంది. ఆ తర్వాత, లేత ఆకుపచ్చ ఉన్నచోట, చిరుజల్లు అని రంగు చెప్తున్నచోట, గీత మెల్లిగా చదునవ్వాలి. అవలేదు. ఇంకా నిటారుగా ఎక్కింది. ఊరి మీదకంటే నిటారుగా ఎక్కింది. చివరికి గొంతు పూర్తిగా పోయి గీత తెగిపోయేదాకా ఎక్కుతూనే ఉంది. లేత ఆకుపచ్చ కాదు అది. అది ఊదా. పాపం పడుకున్న తరంగం ఎన్ని చినుకుల్ని ఈదుకుంటూ వెళ్ళి ఉంటే అంత వెనకబడుతుంది, కాళ్ళు తడబడుతూ, నోట మాట లేకుండా తిరిగొచ్చి, అడిగితే ఏమీ లేదు, అంతా బాగానే ఉంది, అంటుంది.

బాగానే ఉన్నానే. అక్క ఎప్పుడూ అంతే. ఎలా ఉన్నావక్కా అంటే ఒక చిన్న ఖాళీ, ఆ తర్వాత, బాగానే ఉన్నానే. ఆ ఖాళీని తను ఎప్పుడూ ఉండనిచ్చేది కాదు, ఏదో ఒకటి మాట్లాడి పూడ్చేసేది, ఉద్యోగమో, బస్సులో జరిగిన తమాషానో. వేసవిలో కూడా అక్క పొడుగు చేతుల చొక్కాలే వేసుకునేది, చేతులకు ఎండ పడదని చెప్పేది, సుకుమారం మనిషివే నువ్వు అని తను నవ్వేది. ఇంకా బకెట్. బకెట్ అడుగున ఆకాశం ఎందుకు కనిపించేది? నీళ్ళు పడుతుంటే కనిపించదు కదా, చెదిరిపోతుంది కదా. అడుగున పొద్దుటి నీళ్ళు నాలుగు చెంబులు నిలవ ఉండేవి, నిశ్చలంగా. కుళాయి కట్టేసి ఉండేది. ప్రతిసారీ కట్టేసే ఉండేది. అక్కకు ఎంత మతిమరుపో అనుకునేది తను, కుళాయి తిప్పకుండానే బకెట్ నిండిందేమో చూడమంటుంది. నాన్న మెతక మనిషి కాడు. తన దాకా వచ్చేసరికి నాన్న కోపం అయిపోయేది, అంతే. దారిలో అంతా అక్క మీదే కురిసేది. వెనక నిలబడిన పిల్లకు చుక్క కూడా తగలక, ఏమీ లేదు, ఎప్పుడూ ఏమీ లేదు, అని ఇంత వయసు వచ్చేదాకా లోకానికి చెప్తూ తిరిగింది.

ఏడుపు వచ్చింది. ఇప్పుడు కాదు, అని దానికి చెప్పింది. ఫోన్ ఎత్తింది.

"పావుగంట కాలేదమ్మా," అన్నాడు పెద్దాయన.

"సార్, రంగుల బొమ్మ మూసేయండి. ఆలస్యాల బొమ్మ తెరవండి. పడమటి గీత చూడండి, తెగేదాకా ఎక్కుతూనే ఉంది. ఆ లెక్కన కొండల మొదట్లోనే ఊరి మీదకంటే ఎక్కువ కురుస్తోంది. ఆ పైన ఎంతో నాకు కనపడటం లేదు."

ఆయన తెరిచే చప్పుడు వినిపించింది, కుర్చీ చక్రాలు, మూలుగు.

"ఖాయమేనా?"

"ఖాయమని అనలేను సార్. వాన లేదన్నది మాత్రం అబద్ధం."

"మళ్ళీ ఏమీ రాకపోతే?"

"అందరూ నన్నే అనండి. పడతాను."

ఆయన పెద్దగా ఊపిరి విడిచాడు. "వేస్తున్నాను" అన్నాడు.

అక్కకు ఫోన్ చేసింది. మోగింది. మోగింది. పిల్లలు లేస్తారని అక్క ఫోన్ గొంతు నొక్కి పెట్టుకుంటుంది, తెలుసు, అయినా మోతలు లెక్కపెట్టింది. చివరికి గుసగుసగా, "ఏమే పిట్టా" అంది అక్క.

"అక్కా, వాగు ఎలా ఉంది?"

చిన్న ఖాళీ. దాన్ని పూడ్చకుండా ఉండటానికి ఆమె పెదవి కొరుక్కుంది.

"బాగానే ఉంది గానీ... నీళ్ళు ఎర్రగా వస్తున్నాయే. ఇందాకటిదాకా తేటగా ఉన్నాయి. కొమ్మలూ రెమ్మలూ కొట్టుకొస్తున్నాయి."

"పిల్లల్ని లేపకు. అలాగే ఎత్తుకుని పక్క మేడకు ఎక్కించేయండి. సైరన్ మోగుతుంది ఇప్పుడు, దానికోసం ఆగకు."

"మళ్ళీనా? అక్కడ నువ్వు చూశావా?"

"చూడలేదక్కా. కనపడటం లేదు. అందుకే చెప్తున్నా."

ఈసారి ఖాళీ లేదు. "సరే" అంది అక్క, గొంతు మామూలుగానే, కూర తరగమన్నట్టు, ఫోన్ అలాగే ఎక్కడో పెట్టేసింది. ఆయాను పిలవడం వినిపించింది, తలుపు వినిపించింది, ఎవడో ఒకడు నిద్రలో గునిశాడు, తర్వాత దూరంగా, సైరన్. ఫోన్లోనూ అదే, కిటికీలోంచీ అదే. రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటున్నట్టు, ఒకటి ఇంకోదానికంటే రవ్వంత వెనక.

ఆ తర్వాత కాలం నడిచిందో నిలబడిందో ఆమెకు తెలియలేదు. పళ్ళెం తిరుగుతూ ఉంది. ఆమె మనసులో అక్క మెట్లు ఎక్కుతూ ఉంది, ఈ భుజాన ఒకడు, ఆ భుజాన ఒకతి. ఎక్కి, దింపి, దిగి, మళ్ళీ ఎక్కుతూ. ఇసక బస్తాలు. చొక్కా అంచు వదలని పిల్లను ఆ చొక్కా వాడితో కలిపే ఎత్తుకుని ఉంటుంది, లేకపోతే ఏడుస్తుంది కదా. అక్క ఎప్పుడూ అంతే, ఎవరు ఏడుస్తారో ముందే తెలుసు, తన ఏడుపు మాత్రం లెక్కలో ఉండదు. మధ్యమధ్య మెట్లు పెరటి మెట్లవుతున్నాయి, మందారం, బకెట్, చీమలు. ఆ బకెట్ దగ్గరున్న పిల్లను వెనక్కి తిరగవే అని కేకేయాలనిపించింది. ఇంట్లోకి చూడవే, ఆకాశం తర్వాత చూద్దువుగాని. ఆ పిల్ల తిరగలేదు. దాని తప్పు లేదు, చూసిరమ్మన్నది బకెట్‌నే కదా. నీళ్ళు ఎక్కడివరకు వచ్చుంటాయి, బ్రిడ్జి దాటి ఉంటాయా, సిమెంటు గట్టు దాటి ఉంటాయా. నీళ్ళు రాకూడదని కోరుకుంది. వెంటనే, రాకపోతే ఇక తన మాట ఎవరూ వినరని భయపడింది. ఛీ, అనుకుంది. రాకపోతేనే మంచిది, తిట్టనీ, ఊరంతా తిట్టనీ.

ఊరి మీది వాన పక్కకు జరగడం మొదలుపెట్టింది. ముందు అద్దాల మీద చప్పుడు తగ్గింది, వీధి అవతలి మేడలు ఒక్కొక్కటే వచ్చి తమ స్థానాల్లో నిలబడ్డాయి. తెర మీద ఎరుపు ముద్ద తూర్పుకు నడిచింది. పళ్ళెం ఇంకో చుట్టు తిరిగింది, ఇంకోటి. ఏమీ లేనిచోట, కడిగిన పలక మీద, కొండలు వచ్చాయి. నిండా ఊదా. అంచులు కూడా ఊదా. ఎవరో సిరా బుడ్డి తన్నేసినట్టు. పెద్దాయన ఫోన్ చేశాడు. "చూశారా అమ్మా" అని మాత్రం అన్నాడు, ఆ మాటలో మొత్తం ఉంది. బ్రిడ్జి దగ్గర నీళ్ళు రెయిలింగు మీదనుంచి పోతున్నాయట. వాగు ఒడ్డు వీధి మొత్తం ఖాళీ చేయించారట. ఆమె అవునండీ, కాదండీ అంటూ ఉంది, ఏది అవునో ఏది కాదో తెలియకుండా.

అక్క ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తదు, ఫోన్ కింద హాల్లో పెట్టేసి పోయింది కదా. పక్క మేడ ఎక్కి ఉంటుంది. ఫోన్ కోసం దిగి ఉండదు కదా. చివరి పిల్లకోసం దిగి ఉండదు కదా. ఎప్పుడూ మధ్యలో నిలబడే మనిషి. తెర అంతా రంగులే, అన్నీ కనపడుతున్నాయి ఇప్పుడు, ఒక్క అక్క తప్ప. కొత్త నంబరొకటి వెలిగింది.

"పిట్టా, ఇది ఆయా ఫోను," అంది అక్క. వెనక పిల్లలు ఏడుస్తున్నారు, ఒకరు కాదు, అందరూ, నిండు ప్రాణాలతో గొంతులు చించుకుంటున్నారు. ఆ ఏడుపంత చల్లగా ఏ చప్పుడూ ఆమె చెవికి ఎప్పుడూ తగల్లేదు. "అందరం పైనే ఉన్నాం. హాల్లో నీళ్ళు కిటికీ దాకా వచ్చేశాయే. పరుపులు తేలుతున్నాయి. నా ఫోనూ అందులోనే పోయినట్టుంది."

"పోనీ."

"పోనీ," అంది అక్క కూడా, నవ్వబోయింది.

పైన పళ్ళెం తిరుగుతోంది. అరికాళ్ళలో తెలుస్తోంది. అక్క ఇప్పుడు నడుం గురించి ఏదో జోకు వేస్తుంది, తను నవ్వుతుంది, అక్కడితో అయిపోతుంది, అది అలవాటు. ఆమె అక్కను జోకు వేయనివ్వలేదు.

"అక్కా. ఆ పెరట్లో కుళాయి కట్టేసే ఉండేది కదూ, నన్ను బకెట్ చూడమన్నప్పుడల్లా?"

ఖాళీ వచ్చింది. పిల్లల ఏడుపు వినిపించింది, వాగు వినిపించింది, ఎవరో పిల్ల పేరు పెట్టి పిలుస్తున్నారు. ఖాళీ ఇంకా ఉంది. నోటి దాకా వచ్చిన మాటలన్నీ మింగేసి, ఆమె దాన్ని ఉండనిచ్చింది, ఎంతసేపు ఉంటుందో అంతసేపూ.

"గట్టిగా కొట్టేవాడే, పిట్టా," అంది అక్క.

"చెప్పక్కా," అంది ఆమె, కుర్చీని తెర వైపునుంచి ఇటు తిప్పుకుని.